మెటల్ వాల్వు ఉన్న మనిషికి పన్ను తీయించాలి, తర్వాత కొండ మీద మొక్కు ఉంది. ఇన్ఫెక్షన్ పట్టకుండా ఏమేం చూసుకోవాలి?

పాకాల జంక్షన్

మేనత్తకు 54 ఏళ్లు. రుమాటిక్ జబ్బుతో పాడైన మిట్రల్ వాల్వు తీసేసి నాలుగేళ్ల కిందట టీటీకే చిత్ర మెటల్ వాల్వు వేశారు. గడ్డ కట్టకుండా రక్తాన్ని పలచన చేసే ఎసిట్రోమ్ రోజూ వేసుకుంటుంది. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్షలో చివరి మూడు అంకెలు 2.7, 3.1, 2.9. ఇరవై ఒక్క రోజులకోసారి పెనిడ్యూర్ అనే పెనిసిలిన్ ఇంజెక్షన్ 12 లక్షల యూనిట్లు పడుతోంది. పెనిసిలిన్ పడదన్న మాట లేదు, షుగర్ లేదు.

కింది దవడలో కుడివైపు ఒక పన్ను పుచ్చి వేరు దాకా పోయింది, తీసేయాలన్నారు. ఇక్కడ తెలిసినవాళ్లు చెప్పాల్సినవి నాలుగు. ఒకటి, పన్ను తీసే ముందు ఏ మందు, ఎంత, ఎన్ని నిమిషాల ముందు? ఒకరు ఆగ్మెంటిన్ 625 ఐదు రోజులు ముందు నుంచే వాడమన్నారు, ఇంకొకరు పెనిడ్యూర్ పడుతోంది కాబట్టి వేరే ఏమీ అక్కర్లేదన్నారు. రెండు, ఎసిట్రోమ్ ఆపాలా? మూడు, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని ఆరునెలలుగా బ్రష్ మానేసి వేలితో ఉప్పు, బొగ్గుపొడి రుద్దుకుంటోంది. దీనికేం చేయాలి? నాలుగు, పన్ను పని అయ్యాక అలిపిరి నుంచి నడిచి కొండెక్కి తలనీలాలు ఇవ్వాలని మొక్కు. గుండు చేయించుకోవచ్చా?

దవడపన్ను

నీ మూడో ప్రశ్నతో మొదలుపెడతానన్నా, ఎందుకంటే అన్నిటికన్నా పెద్దది అదే. పన్ను తీసే రోజు వేసుకునే డోసు గురించి అందరూ అడుగుతారు. మిగతా 364 రోజులు నోట్లో ఏం జరుగుతోందో ఎవరూ అడగరు.

నోట్లో విరిడాన్స్ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఎవరికైనా ఉంటుంది. చిగురు వాచి, పంటికీ చిగురుకీ మధ్య సందు లోతైతే ఆ సందు గోడ పుండులా పచ్చిగా ఉంటుంది. అన్నం నమిలినా, పళ్లు తోమినా అక్కడి బ్యాక్టీరియా కాసేపు రక్తంలోకి వెళ్తుంది. మామూలు గుండెలో లోపలి పొర నున్నగా ఉంటుంది కాబట్టి అది నిలవదు, కొద్ది నిమిషాల్లో శరీరమే శుభ్రం చేసుకుంటుంది. మెటల్ వాల్వును గుండెకు కుట్టేది ఒక బట్ట రింగు. ఆ రింగు దగ్గర, కుట్ల దగ్గర బ్యాక్టీరియాకు పట్టు దొరుకుతుంది. ఒకసారి పట్టుకుంటే చుట్టూ జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది, ఆ పొరలోకి మందు సరిగా దిగదు. అందుకే ఇలా వేసిన వాల్వుకు ఇన్ఫెక్షన్, అంటే ప్రోస్థెటిక్ వాల్వు ఎండోకార్డైటిస్ వస్తే కనీసం ఆరు వారాలు నరానికి మందులు, చాలామందికి మళ్లీ ఆపరేషన్. వాల్వు వేసినవారిలో ఏడాదికి వెయ్యి మందిలో 3 నుంచి 12 మందికి ఇది వస్తుందని లెక్క. చూడ్డానికి చిన్న అంకె, కానీ ఆ వాల్వు జీవితాంతం ఉండేది కదా.

పన్ను ఎప్పుడో ఒకసారి తీస్తారు, అన్నం రోజూ తింటారు. చిగురు జబ్బు ఉన్నంతకాలం బ్యాక్టీరియా రోజూ రక్తంలోకి వెళ్తూనే ఉంటుంది.

చిగుళ్ల నుంచి రక్తం ఎసిట్రోమ్ వల్లే వస్తోందనుకుని బ్రష్ ఆపేస్తారు. ఎసిట్రోమ్ ఆ రక్తాన్ని కాస్త ఎక్కువ కానిస్తుంది అంతే, అసలు కారణం పాచి. పాచి తీస్తే వాపు పోతుంది, వాపు పోతే రక్తం ఆగుతుంది. బ్రష్ ఆపితే పాచి పెరుగుతుంది, రక్తం ఇంకా ఎక్కువవుతుంది. ఐఎన్‌ఆర్ 2.9 దగ్గర ఉంటే ఆరోగ్యంగా ఉన్న చిగురు దానంతటది కారదు. ఐఎన్‌ఆర్ 5 దాటితే మాట వేరు, అప్పుడు చర్మం మీద నీలిమచ్చలు, ముక్కులో రక్తం కూడా కనిపిస్తాయి.

చేయాల్సింది: సాఫ్ట్ అని రాసి ఉన్న బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు బఠానీ గింజంత, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. బ్రష్‌ను చిగురు అంచు మీద ఏటవాలుగా పెట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాలి, రంపంలా అడ్డంగా లాగకూడదు. మొదటి వారం పదిరోజులు రక్తం వస్తూనే ఉంటుంది, ఆపకూడదు. మూడు నెలలకోసారి, లేదా కుచ్చులు విచ్చుకుంటే ఇంకా ముందే, బ్రష్ మార్చాలి. పళ్ల సందుల్లో ఇంటర్‌డెంటల్ బ్రష్, సందు బిగుతుగా ఉంటే ఫ్లాస్. పిన్నీసు, అగ్గిపుల్ల, చీపురుపుల్ల పెట్టి కెలకడం మానాలి. మన చిత్తూరులో మామిడికాయల కాలం వస్తే పళ్ల సందుల్లో పీచు ఇరుక్కుని పిన్నీసుకు పని పడుతుంది, ఆ రెండు నెలలు ఇంటర్‌డెంటల్ బ్రష్ జేబులో ఉంచుకోవడమే మందు. బొగ్గుపొడి, ఇటుకపొడి చిగురును గీసి పంటి మెడను అరగదీస్తాయి. వేపపుల్ల బాగా నమిలి మెత్తగా కుచ్చు చేసుకుంటే పంటి ముందువైపుకు పర్వాలేదు, లోపలివైపుకూ వెనక దవడకూ అది అందదు. కాబట్టి వేపపుల్లతో తోమినా బ్రష్ మానకూడదు.

ఆరునెలలు బ్రష్ లేదంటే గార గట్టిపడి ఉంటుంది. అది ఇంట్లో పోదు, స్కేలింగ్ చేయించాలి. స్కేలింగ్‌కు కూడా ముందు డోసు కావాలి, చాలామంది ఇది మర్చిపోతారు. కాబట్టి పన్ను తీయడం, నోరంతా స్కేలింగ్ ఒకే సిట్టింగ్‌లో పెట్టించుకోండి, ఒక్క డోసుతో రెండు పనులూ అవుతాయి. విడగొట్టాల్సి వస్తే రెండు సిట్టింగ్‌ల మధ్య కనీసం పది రోజులు ఉంచాలి. నిన్న వేసిన మందే ఇవాళ మళ్లీ వేస్తే, నిన్నటి డోసుకు చావకుండా మిగిలినవే నోట్లో పెరిగి ఉంటాయి.

డోసు ఎప్పుడు కావాలంటే, చిగురును కదిలించినా, వేరు కొస దాకా వెళ్లినా, నోటి లోపలి చర్మం తెగినా కావాలి. పన్ను తీయడం, స్కేలింగ్, చిగుళ్ల ఆపరేషన్, వేరు కొస దాటే రూట్ కెనాల్, ఇంప్లాంటు, చిగురు కింద బ్యాండ్ బిగించడం ఇందులోకి వస్తాయి. ఎక్స్‌రే, ఇన్ఫెక్షన్ లేని చోట మత్తు ఇంజెక్షన్, కట్టుడు పళ్లకు అచ్చు తీయడం, క్లిప్పుల తీగ సర్దడం, పిల్లల పాలపళ్లు రాలడం వీటికి అక్కర్లేదు.

ఇక పన్ను తీసే రోజు. ఎసిట్రోమ్ ఆపొద్దు. ఆపితే మిట్రల్ చోట ఉన్న మెటల్ వాల్వుకు గడ్డ పట్టే ప్రమాదం, పంటి గుంతలో రక్తం కారే ప్రమాదం కంటే చాలా పెద్దది. గుంత కంటికి కనబడుతుంది, నొక్కి పట్టుకోవచ్చు. 24 గంటల లోపు చూసిన ఐఎన్‌ఆర్ చేతిలో ఉండాలి. చాలాకాలంగా నిలకడగా ఉన్నవారికి 72 గంటల లోపుదైనా నడుస్తుంది. 4 లోపు ఉంటే ఒకటి రెండు పళ్లు క్లినిక్‌లోనే తీయవచ్చు. మూడు మించి ఒకేసారి వద్దు. పొద్దున్నే, అదీ సోమవారం మంగళవారం అయితే మేలు. రాత్రి మళ్లీ రక్తం వస్తే మర్నాడు క్లినిక్ తెరిచి ఉంటుంది. శనివారం సాయంత్రం తీయించుకుని ఆదివారమంతా నోట్లో గుడ్డ పెట్టుకుని కూర్చునేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

తీశాక గుంతలో జెలటిన్ స్పాంజి పెట్టి కుట్టేయాలి. తడిపిన గాజ్ మడత పెట్టి 20 నుంచి 30 నిమిషాలు గట్టిగా కొరికి పట్టాలి, మధ్యలో తీసి చూడకూడదు. ట్రానెక్సామిక్ యాసిడ్ 500 ఎంజీ మాత్ర ఒకటి మెత్తగా నూరి 10 మి.లీ. నీళ్లలో కలిపితే 5 శాతం ద్రావణం. దాన్ని రెండు నిమిషాలు ఆ పక్కన నోట్లో ఉంచి ఉమ్మేయాలి, రోజుకు నాలుగుసార్లు, రెండు రోజులు. పుక్కిలించకూడదు, పుక్కిలిస్తే కట్టిన గడ్డ ఊడి వస్తుంది. ఆ రోజు వేడి సంగటి, వేడి కాఫీ వద్దు, చల్లారిన మజ్జిగన్నం చాలు. మందుల మాట కౌంటర్ నంబర్ 2 చెప్తారు.

కౌంటర్ నంబర్ 2

మందుల చీటీ నేను రాయను, చీటీ మీద ఏం ఉండాలో, ఏం ఉండకూడదో చెప్తా.

మామూలుగా వాల్వు ఉన్న పెద్దవాళ్లకు అమాక్సిసిలిన్ 2 గ్రాములు, అంటే 500 ఎంజీ క్యాప్సూల్స్ నాలుగు, ఒకేసారి, పని మొదలయ్యే 30 నుంచి 60 నిమిషాల ముందు. అంతే. ఐదు రోజులు కాదు, ముందు రాత్రి నుంచి కాదు, తర్వాత ఇంకో రెండు కాదు. పిల్లలకు కిలో బరువుకు 50 ఎంజీ, ఎంత బరువున్నా 2 గ్రాములు దాటదు. క్లినిక్ కుర్చీలో కూర్చోగానే నాలుగు మింగి నోరు తెరిస్తే మందు ఇంకా రక్తంలోకి రాకముందే పని మొదలైపోతుంది, అందుకే ఆ అరగంట ముఖ్యం. మర్చిపోతే పని అయిన రెండు గంటల లోపు వేసుకున్నా కొంత ఉపయోగమే, ఆ తర్వాత దండగ.

ఆగ్మెంటిన్ 625 అంటే 500 అమాక్సిసిలిన్‌కు 125 క్లావులానిక్ యాసిడ్ తోడు. ఇక్కడ ఆ తోడు అక్కర్లేదు, పైగా నాలుగు మింగితే కడుపు ఆడుతుంది. ఐదు రోజులు ముందు నుంచే వాడితే ఇంకో చిక్కుంది. మెత్తటివి చచ్చి మందుకు లొంగనివి నోట్లో మిగులుతాయి, పన్ను తీసే రోజు రక్తంలోకి వెళ్లేది ఆ మిగిలినవే. వేరు కింద చీముతో ముఖం వాచి జ్వరం ఉంటే అది వేరే జబ్బు, దానికి కోర్సు వాడాల్సిందే. ఇక్కడ ఆ మాట లేదు కాబట్టి ఒక్క డోసు.

ఇప్పుడు అత్త విషయంలో మెలిక. పెనిడ్యూర్‌కూ ఈ డోసుకూ సంబంధం లేదు. పెనిడ్యూర్ గొంతులో గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ చేరి రుమాటిక్ జ్వరం మళ్లీ తిరగబెట్టకుండా, మిగతా వాల్వులు పాడవకుండా ఇచ్చేది. వాల్వు మార్చాం కదా అని దాన్ని మానకూడదు. కానీ రక్తంలో అది ఇచ్చే పెనిసిలిన్ మట్టం చాలా తక్కువ, పన్ను తీసినప్పుడు ఒక్కసారిగా వచ్చే బ్యాక్టీరియాను ఆపదు. పైగా ఏళ్ల తరబడి పెనిసిలిన్ పడుతుంటే నోటిలోని విరిడాన్స్ దానికి అలవాటుపడి ఉండొచ్చు. అందుకే అలాంటివారికి వేరే జాతి మందు ఎంచుకోమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచన. రోజూ పెనిసిలిన్ మాత్ర మింగేవారి విషయంలో ఇది సూటిగా వర్తిస్తుంది, ఇంజెక్షన్ వాళ్లకూ చాలామంది అదే పాటిస్తారు. అప్పుడు అజిత్రోమైసిన్ 500 ఎంజీ ఒకటి, లేదా డాక్సీసైక్లిన్ 100 ఎంజీ ఒకటి, అదే 30 నుంచి 60 నిమిషాల ముందు. సెఫలెక్సిన్ కూడా పెనిసిలిన్‌కు దగ్గరి చుట్టమే కాబట్టి ఇక్కడ అది వద్దు. రెండింట్లో ఏదన్నది గుండె డాక్టరు ఫైలు చూసి రాయాలి. ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి ఎక్కువ ఉన్నవారికి అజిత్రోమైసిన్ రాయరు.

ఇంకో సంగతి, పాత కాగితాల్లో పెనిసిలిన్ పడనివారికి క్లిండామైసిన్ 600 అని ఉంటుంది. 2021 నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దాన్ని వద్దంది, 2023లో యూరప్ గుండె వైద్యుల మార్గదర్శకాలు కూడా అదే మాటన్నాయి. ఒక్క డోసుకే కొందరికి తీవ్రమైన విరేచనాలు పట్టుకుంటాయి. గోడకు అంటించిన పాత చార్టు చూసి ఇప్పటికీ రాసేవాళ్లున్నారు.

నోటితో వేసుకోలేని పరిస్థితి అయితే నరానికి ఇవ్వాలి, ఎసిట్రోమ్ మీద ఉన్న మనిషికి కండలో ఇంజెక్షన్ తప్పించాలి. మరి పెనిడ్యూర్ కండకే కదా అంటారా? అవును, అందుకే దానికీ ముందు ఐఎన్‌ఆర్ చూడాలి. వేశాక ఐదు పది నిమిషాలు నొక్కి పట్టాలి, రుద్దకూడదు. ప్రతిసారీ పిరుదులో గడ్డ కడుతుంటే పెనిసిలిన్ వి మాత్రలు 250 ఎంజీ రోజుకు రెండుసార్లు అనే దారి ఉంది, అది డాక్టరుతో మాట్లాడాలి.

పన్ను తీశాక ఇచ్చే పొట్లం అసలు ప్రమాదం. కెటొరాల్ డీటీ, కాంబిఫ్లామ్, డైక్లోఫెనాక్ వీటిలో ఏదో ఒకటి, తోడు మెట్రోనిడజోల్ 400 రోజుకు మూడు. కౌంటర్ మీద ఇదొక అలవాటు అయిపోయింది. మెట్రోనిడజోల్ ఎసిట్రోమ్‌ను కాలేయంలో విరగనివ్వదు, మూడు నాలుగు రోజుల్లో ఐఎన్‌ఆర్ 6, 7కు ఎగబాకవచ్చు. నొప్పి మాత్రలు కడుపులో పుండు చేసి రక్తం కారిస్తాయి. నొప్పికి పారాసిటమాల్ 650 చాలు, రోజుకు మూడు దాటకుండా. నోటి పూతకు రాసే మైకోనజోల్ జెల్ కూడా ఐఎన్‌ఆర్‌ను పెంచుతుంది, పైపూతే కదా అని ఏమరుపాటు వద్దు. తప్పనిసరై ఏదైనా యాంటీబయాటిక్ కోర్సు వాడాల్సి వస్తే నాలుగో రోజు ఐఎన్‌ఆర్, కోర్సు అయిన వారానికి మళ్లీ ఐఎన్‌ఆర్.

పాకాల జంక్షన్

ఇద్దరికీ దండాలు. పెనిడ్యూర్ సంగతి మా ఊళ్లో ఎవ్వరూ చెప్పలేదు. మొక్కు, జ్వరం సంగతి కూడా చెప్పండన్నా. జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని, నీరసంగా ఉందని సెలైన్ పెట్టించుకోవడం అత్తకు అలవాటు.

గట్టుమీద చింత

నా మాట వినండి, వాల్వు ఉన్నవాళ్లకు ఏ పరీక్ష చేసినా ముందు యాంటీబయాటిక్ ఇచ్చేస్తే పోలా? ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, మూత్రం పైపు, కాన్పు, అన్నిటికీ. ఒకటి ఎక్కువైతే నష్టమేముంది?

కౌంటర్ నంబర్ 2

నష్టముంది చింతన్నా. 2007 ముందు దాదాపు అలాగే ఇచ్చేవారు. తర్వాత లెక్కలు చూసుకుంటే, ఎండోస్కోపీ చేసిన రోజు వచ్చే బ్యాక్టీరియా కంటే రోజూ నమలడం వల్ల వచ్చేదే చాలా ఎక్కువ అని తేలింది. అందుకని కడుపు, మూత్ర మార్గాల పరీక్షలకు కేవలం వాల్వు ఉందన్న కారణంతో ఇవ్వొద్దన్నారు, మామూలు కాన్పుకూ అంతే. 2008లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ ఇంకా ముందుకెళ్లి పళ్లకు కూడా అక్కర్లేదంది. 2016లో ఆ వాక్యంలో ‘రొటీన్‌గా’ అనే మాట చేర్చి కాస్త వెనక్కి తగ్గింది. 2023 యూరప్ వాళ్లు వాల్వు ఉన్నవారికి కడుపు, మూత్ర మార్గాల పనులప్పుడు ఆలోచించవచ్చు అనేంతవరకే అన్నారు. అంటే పళ్ల దగ్గర అందరిదీ దాదాపు ఒకే మాట, మిగతా చోట్ల డాక్టరు నిర్ణయం. ఒకటి మాత్రం ఖాయం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండగా పైపు పెట్టడం, సిస్టోస్కోపీ చేయడం తప్పు. ముందు యూరిన్ కల్చర్ చేయించి, ఎంటరోకాకస్ ఉంటే దాన్ని తగ్గించి ఆ తర్వాత చేయాలి.

నీలం సీసా

జ్వరం సంగతి నేను చెప్తా. నన్నడిగితే ఈ పేజీ మొత్తంలో ఇంటి గోడకు రాసి పెట్టుకోవాల్సింది ఇదొక్కటే: వాల్వు ఉన్న మనిషికి జ్వరం వస్తే బ్లడ్ కల్చర్ (రక్తంలోని బ్యాక్టీరియాను సీసాలో పెంచి చూసే పరీక్ష) తీసేదాకా యాంటీబయాటిక్ ముట్టకూడదు.

మన దగ్గర జరిగేది ఇలా ఉంటుంది. 101 జ్వరం, వణుకు. మొదటి రోజు ఆర్‌ఎంపీ దగ్గర సూది. రెండో రోజు వైడాల్ పరీక్ష, దాంట్లో ఏదో కాస్త టైటర్ కనబడితే టైఫాయిడ్ అని పేరు, సెఫ్‌ట్రయాక్సోన్ ఐదు రోజులు. జ్వరం తగ్గుతుంది. వైడాల్ ఒక్కసారి చేస్తే టైఫాయిడ్ అని గట్టిగా చెప్పేదేమీ కాదు, పాత జ్వరానికీ పాత టీకాకూ కూడా పాజిటివ్ వస్తుంది. అసలు జబ్బు వాల్వు మీద ఉంటే ఆ ఐదు రోజులు దాన్ని చంపవు, అణచిపెడతాయి. వారం పదిరోజులకు జ్వరం మళ్లీ వస్తుంది. అప్పుడు పెద్దాసుపత్రిలో కల్చర్ తీస్తే ఏమీ పెరగదు, ఏ బ్యాక్టీరియానో తెలియకుండా ఆరు వారాలు గుడ్డిగా వైద్యం చేయాల్సి వస్తుంది. ఈలోగా కుట్టు రింగు పక్కన చీముగూడు కట్టవచ్చు, వాల్వు మీద పెరిగిన ముక్క ఊడి మెదడుకు పోవచ్చు.

కల్చర్ అంటే ఒక్క సీసా కాదు. మూడు సెట్లు, ఒక్కో సెట్‌కు రెండు సీసాలు, ఒక్కో సీసాకు 8 నుంచి 10 మి.లీ. మొదటి సెట్‌కూ చివరి సెట్‌కూ మధ్య కనీసం గంట ఉండాలి, ప్రతిదీ వేరే నరం నుంచి తీయాలి. మొత్తం 60 మి.లీ. దాకా అవుతుంది. ‘ఇంత రక్తం లాగుతున్నారేంది’ అని గొడవ పడేవాళ్లకు చెప్పేదేమంటే, రక్తదానంలో ఇచ్చేది 350. తక్కువ తీస్తే పట్టుబడే అవకాశం తగ్గుతుంది. నరంలో పెట్టి ఉంచిన క్యాన్యులా గొట్టం నుంచి లాగకూడదు, దాని మీద ఉండే చర్మపు బ్యాక్టీరియా సీసాలో పెరిగి లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ స్పిరిట్ రాసి అరనిమిషం ఆరనిచ్చి గుచ్చాలి, రాశాక మళ్లీ వేలితో నరం తడమకూడదు. మనిషి మరీ డీలా పడితే మూడు సెట్లూ వెంటవెంటనే తీసి మందు మొదలుపెడతారు, దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు.

మన జిల్లాలో డెంగీ, స్క్రబ్ టైఫస్ కూడా తిరుగుతుంటాయి. వాటిని వెతకొద్దని కాదు, ఆ రక్తం తీసేటప్పుడే కల్చర్ కూడా తీయించండి. ఇంతకుముందు ఏవైనా మాత్రలు, సూదులు పడి ఉంటే దాచకుండా పేరు, తేదీ చెప్పండి. ఖాళీ స్ట్రిప్ తెచ్చినా చాలు.

100.4 దాటి జ్వరం వస్తే అదే రోజు తిరుపతిలోనో వెల్లూరులోనో, గుండె విభాగం, కల్చర్ సదుపాయం రెండూ ఉన్న చోటుకు వెళ్లాలి. జ్వరం సన్నగా ఉన్నా రాత్రి చెమటలు, తిండి సయించకపోవడం, బరువు తగ్గడం, కొత్తగా ఆయాసం వస్తే కూడా వెళ్లాలి. వాల్వు టిక్ టిక్ శబ్దం మూగబోయినట్టనిపించడం, ఒక చెయ్యి కాలు లాగేయడం, మాట తడబడటం అయితే 108కి ఫోన్, అది గంటల్లో తేలాల్సిన పని. అక్కడ మామూలు ఎకోలో ఏమీ కనిపించలేదంటే ఊరుకోవద్దు. మెటల్ నీడ అడ్డుపడుతుంది కాబట్టి గొంతు ద్వారా చేసే టీఈఈ ఎకో అడగాలి. మొదటిసారి అందులోనూ లేకపోయినా అనుమానం గట్టిగా ఉంటే ఐదు నుంచి ఏడు రోజులకు మళ్లీ చేస్తారు.

ఇక సెలైన్. నీరసానికి సెలైన్ ఎక్కించుకోవడం వాల్వు ఉన్నవారు పూర్తిగా మానేయాలి. అర లీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, బలం కాదు. గుచ్చిన చోటు నుంచి వెళ్లే స్టాఫిలోకాకస్ ఆరియస్ నోటి బ్యాక్టీరియాకన్నా మొండిది, రోజుల్లోనే వాల్వును పాడుచేస్తుంది. ఆసుపత్రిలో అవసరమై క్యాన్యులా పెట్టినా, ‘ఇంకా కావాలా, తీసేయొచ్చా’ అని రోజూ అడగాలి. చుట్టూ ఎర్రబడినా, నరం తాడులా గట్టిపడినా వెంటనే తీయించాలి.

గుడిపాల మామిడి

మొక్కు సంగతి రవంత నేను చెప్తా. గుండుకు యాంటీబయాటిక్ డోసు అక్కర్లే. చూసుకోవాల్సింది కత్తి గాట్లు. కల్యాణకట్టలో కూర్చునే ముందు బ్లేడు కొత్తది కళ్ల ముందు మార్చమని అడగండి, సిగ్గుపడొద్దు. ఐఎన్‌ఆర్ ఆ వారంలోనే చూసుకుని వెళ్లండి. తల బాగా తడిపించుకుంటే గాట్లు తక్కువ. గాటు పడితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు నొక్కి పట్టాలి, మధ్యమధ్య ఎత్తి చూడకూడదు. అందరికీ రాసిన పటికరాయి వద్దు. గుండుకు చందనం రాసే అలవాటుంది కదా, గాట్లు ఉంటే ఆ రోజు రాయొద్దు, నీళ్లతో కడిగి బెటాడిన్ రాస్తే చాలు. నెత్తిన సెగ్గడ్డలో పుండ్లో ఉంటే మానేదాకా ఆగాలి. ఆడవాళ్లకు మూడు కత్తెరలు ఇచ్చే ఆనవాయితీ ఎలాగూ ఉంది, అత్త ఒప్పుకుంటే అది ఇంకా తేలిక.

నడక: అలిపిరి దారిలో 3550 మెట్లు. ఎక్కగలదా లేదా అన్నది ఎకో చూసి డాక్టరు చెప్పాలి, నేను పాదాల మాటే చెప్తా. చెప్పుల్లేకుండా ఎక్కితే మడమ పగుళ్లు విచ్చుకుంటాయి, బొబ్బలొస్తాయి. పది రోజుల ముందు నుంచి రాత్రిళ్లు పాదాలు నీళ్లలో నానబెట్టి, తుడిచి, వాజెలిన్ రాసి సాక్సు వేసుకోమనండి. నడిచేటప్పుడు కూడా మందం నూలు సాక్సు వేసుకోవచ్చు, అది చెప్పు కిందికి రాదు. బొబ్బ వస్తే పిన్నీసుతో చిదమొద్దు. వేళ్ల సందుల్లో ఒరుపు, పాచిపుండు ఉంటే ముందు దాన్ని మాన్పించుకోవాలి, స్టాఫిలోకాకస్‌కు అది తెరిచిన తలుపు.

తోటపని ఉన్నవాళ్లకు ఇంకోటి. తోతాపురి కోసేటప్పుడు తొడిమ దగ్గర చిమ్మే సొన పడితే చర్మం కాలి పుండవుతుంది, గోకితే చీము పడుతుంది. నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, పడిన వెంటనే సబ్బు నీళ్లు. సెగ్గడ్డ వస్తే ఇంట్లో పిండకూడదు.

ఆడికృత్తికకు కావడి ఎత్తి నాలుకకో బుగ్గకో శూలం గుచ్చుకునే మొక్కు ఎవరికైనా ఉంటే, వాల్వు ఉన్నవాళ్లు దాన్ని పూలకావడికి మార్చుకోవాల్సిందే. నాలుకలో గుచ్చడమంటే నోటి బ్యాక్టీరియాను తిన్నగా రక్తంలోకి తోయడం, పైన ఎసిట్రోమ్. దీనికి ముందు డోసు వేసుకుని గుచ్చించుకోవచ్చా అని అడుగుతారు, దానికి డోసు లేదు. పచ్చబొట్టు, కొత్తగా ముక్కు కుట్టించుకోవడం కూడా అంతే, మానడమే.

పాకాల జంక్షన్

మూడు కత్తెరలకు అత్త ఒప్పుకుంది, నడక మీద ఇంకా బేరం నడుస్తోంది. గుండె డాక్టరు డాక్సీసైక్లిన్ 100 రాశారు. మంగళవారం పొద్దున పది గంటలకు పన్ను, స్కేలింగ్ రెండూ కలిపి. సోమవారం సాయంత్రం ఐఎన్‌ఆర్. మాత్ర పరగడుపున వేయాలా?

కౌంటర్ నంబర్ 2

తొమ్మిదింటికి ఇడ్లీ తిన్నాక, తొమ్మిదీ పదికల్లా మాత్ర. పెద్ద గ్లాసు నిండా నీళ్లతో, నిలబడో కూర్చునో మింగాలి, వేశాక అరగంట దాకా పడుకోకూడదు. డాక్సీ గొంతులో అతుక్కుంటే అన్నవాహికకు పుండు చేస్తుంది, ఆ మంటకు మళ్లీ ఇంకో పొట్లం రాస్తారు. పాలు, మజ్జిగ, ఐరన్ మాత్ర, యాసిడిటీ మందు దాంతో కలపొద్దు, రెండు గంటల ఎడం ఉండాలి. క్లినిక్‌లో పని ఆలస్యమై పదకొండున్నర అయినా కంగారు పడి రెండోది వేయొద్దు, డాక్సీ చాలా గంటలు రక్తంలో ఉంటుంది.

దవడపన్ను

వచ్చేటప్పుడు వాల్వు కార్డు, ఐఎన్‌ఆర్ పుస్తకం, డాక్టరు రాసిన చీటీ మూడూ తెమ్మను. కట్టుడు పన్ను ఏదైనా ఉంటే అది కూడా తేవాలి, అంచు చిగురును కోస్తోందేమో చూస్తారు.